టైరు మీద అక్షరాలు ఇంట్లో అంటించాలంటే: జిగురు కంటే ముందు రబ్బరు సంగతి చూడండి

మీరు అడిగినవి ఇవీ: స్విఫ్ట్ కారు, 185/65 ఆర్ 15 టైర్లు, వేసి రెండేళ్లు. ఆన్‌లైన్‌లో తెల్ల అక్షరాల సెట్టు తెప్పించారు. వాటిని ఫెవిక్విక్‌తో ఇంట్లోనే అంటించవచ్చా, చక్రాలు విప్పాలా, హైవే మీద ఊడి ఎగిరిపోతాయా, టైరుకేమైనా హాని ఉందా అన్నారు. మీ స్నేహితుడి కారుకు అంటించినవి రెండు వారాలకే లేచిపోయాయని కూడా రాశారు. అక్కడి నుంచే మొదలుపెడతాను. విజయవాడలో చాలా ఏళ్లుగా బండ్ల స్టిక్కరింగ్ పని చేస్తున్నాను, ఊడిపోయాయని నా దగ్గరికి వచ్చే వాళ్లందరూ జిగురునే తిడతారు. విప్పి చూస్తే జిగురు అక్షరం వెనక గట్టిగానే ఉంటుంది. పట్టనిది టైరు వైపు.

కారణం టైరు తయారీలోనే ఉంది. గాలిలో ఉండే ఓజోన్‌కు రబ్బరు పగులుతుంది. ఆ పగుళ్లు రాకుండా టైరు మిశ్రమంలో మైనం, ఓజోన్‌ను అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. అవి లోపల ఒకచోట కుదురుగా ఉండవు, మెల్లమెల్లగా పైకి ఊరుతూనే ఉంటాయి. బండి నడుస్తూ టైరు వంగుతున్నకొద్దీ ఇంకా వస్తాయి. కొన్నాళ్లు తోమని టైరు పక్కభాగం గోధుమరంగులోకి తిరుగుతుంది కదా, దాన్ని అందరూ మట్టి అనుకుంటారు, కానీ అందులో ఈ రసాయనాల పాలు చాలా ఉంటుంది. దీనికి తోడు వాటర్ సర్వీసింగ్ చేసినప్పుడల్లా కుర్రాళ్లు కొట్టే టైరు పాలిష్. మెరుపు వచ్చే పాలిష్‌లలో ఎక్కువ భాగం సిలికాన్ నూనెలే. టైరు కొత్తదైతే అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి పూసిన పూత కూడా మిగిలి ఉంటుంది. వీటిమీద జిగురు వేయడమంటే నూనె రాసిన పెనానికి బొట్టుబిళ్ల అంటించినట్టే.

అందుకే నేను ఈ పనికి పెట్టే సమయంలో పెద్ద వాటా శుభ్రం చేయడానికే పోతుంది. అంటించడం చివర్లో వచ్చే చిన్న పని.

దానికంటే ముందు మీ సెట్టులోని అక్షరం ఒకటి చేతిలోకి తీసుకుని వంచి, కొంచెం లాగి చూడండి. సాగి మళ్లీ యథాస్థానానికి వస్తే అది రబ్బరు. కాగితంలా మడత పడి గీత నిలిస్తే అది వినైల్, అంటే కారు డోర్ల మీద, నంబరు ప్లేట్ల మీద వాడే సరుకు. వినైల్ అయితే వెనక్కి పంపేయండి, మొహమాటం లేకుండా చెబుతున్నాను. టైరు తిరిగే ప్రతిసారీ నేలను తాకే చోట పక్కభాగం ఉబ్బుతుంది, పైకి రాగానే మళ్లీ సర్దుకుంటుంది. రబ్బరు అక్షరం ఆ కదలికతో పాటు సాగుతుంది. వినైల్ సాగదు, అంచు లేస్తుంది, అందులో దుమ్ము దూరుతుంది, అంతే. పైగా రబ్బరులోంచి ఊరే ఆ రసాయనాలు తెల్ల వినైల్‌ను పసుపు, గోధుమ రంగుల్లోకి తిప్పుతాయి.

ఫార్ములా వన్ టైర్లలా చుట్టూ ఎర్రటి పట్టీ వేయాలని చాలామంది కుర్రాళ్లు అడుగుతారు. ఆ రేసుల్లో పిరెల్లీ 2019 నుంచి పొడి రోడ్డు టైర్లకు మూడే రంగులు వాడుతోంది: మెత్తనిదానికి ఎరుపు, మధ్యరకానికి పసుపు, గట్టిదానికి తెలుపు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. అయితే వాటికి ఆ గుర్తులు ఫ్యాక్టరీలోనే వేస్తారు, రేసు కాగానే ఆ టైరు పని కూడా అయిపోతుంది. మన రోడ్ల మీద ఏళ్ల తరబడి నడిచే టైరుకు చుట్టూ ఒకే పట్టీ అంటిస్తే ఒకచోట లేచిన అంచు మొత్తం పట్టీని లాక్కుపోతుంది. విడివిడి అక్షరాలైతే ఒకటి పోయినా పక్కది ఉంటుంది. అదే విధంగా జీపుల టైర్ల మీద కనిపించే ఫ్యాక్టరీ తెల్లక్షరాలు అంటించినవి కావు. నల్ల రబ్బరు పొర కింద తెల్ల రబ్బరు వేసి, అక్షరం పైన నల్లపొరను గీకేస్తారు, లోపలి తెలుపు బయటపడుతుంది. మనం అంటించేది ఆ స్థాయిలో నిలుస్తుందని ఆశ పెట్టుకోకండి, కానీ జాగ్రత్తగా చేసినవి టైరు మార్చేదాకా ఉన్న బండ్లు నేను చూశాను.

ఇక టైరు ఈ పనికి తగినదేనా చూడండి. పక్కభాగం మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. మీవి రెండేళ్లవే అంటున్నారు, అయినా ఒకసారి చదవండి, కొన్న తేదీ వేరు, తయారైన తేదీ వేరు. వేళ్లతో పక్కభాగాన్ని నొక్కి వంచినప్పుడు సన్నటి పగుళ్లు కనిపించినా, ఎక్కడైనా బుడగలా ఉబ్బినా అక్షరాల సంగతి మరిచిపోయి టైరు షాపుకు వెళ్లండి. ట్రెడ్ అంటే టైరులో నేలను తాకే భాగం, దాని గాళ్ల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో అరుగుదల గుర్తులుంటాయి, ట్రెడ్ వాటి దాకా అరిగిపోతే ఆ టైరు మార్చాల్సిందే. ఆ దశకు దగ్గర పడిన టైరు మీద ఇంత శ్రమ దండగ.

చక్రాలు విప్పాలా అంటే, తప్పనిసరి కాదు, కానీ విప్పితే పని రెట్టింపు బాగా వస్తుంది. చక్రాన్ని బల్ల మీద పడుకోబెడితే జిగురు కిందికి కారదు, అక్షరం జారదు, మీ నడుమూ నిలుస్తుంది. ఒక్కో చక్రం విప్పి, దాని స్థానంలో స్టెప్నీ వేసి, కారును నేల మీదికి దించి పని చేసుకోండి. చదునైన నేల, హ్యాండ్‌బ్రేకు, గేరులో బండి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు. కారును జాకీ మీద వదిలేసి గంటల తరబడి కూర్చునే పని పెట్టుకోకండి, పిల్లలు తిరిగే ఇంట్లో అసలే వద్దు. విప్పని పక్షంలో కారును కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ చక్రంలో పైనున్న సగం మీదే పని చేయాలి.

టైరులో గాలి పూర్తిగా ఉండాలి. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితంలో ఎంత రాసి ఉందో అంత, టైరు చల్లగా ఉన్నప్పుడు. గాలి తగ్గిన టైరుకు అంటించి తరువాత గాలి నింపితే పక్కభాగం ఆకారం మారి అక్షరాల అంచుల మీద లాగుడు పడుతుంది.

ఇప్పుడు శుభ్రం. మొదట గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, గట్టి నైలాన్ బ్రష్. నురుగు గోధుమరంగులో వస్తుంది. కడిగి మళ్లీ తోమండి. నురుగు తెల్లగా వచ్చేదాకా ఆపొద్దు. పాలిష్ అలవాటున్న టైరైతే దీనికే చాలాసేపు పడుతుంది, విసుగొచ్చినా వదలకండి. తరువాత బాగా ఆరనిచ్చి, అక్షరాలు వచ్చే చోట మాత్రమే 220 నంబరు ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్దండి. మెరుపు పోయి మసక నలుపు రావాలి, అంతకు మించి ఒక్క పొర కూడా తీయొద్దు. అచ్చులో గాలి పోయే రంధ్రాల వల్ల ఏర్పడిన సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటే గోళ్లు కత్తిరించే కట్టర్‌తో తీసేయండి.

కొన్ని వీడియోల్లో టైరు మీద ఉబ్బెత్తుగా ఉన్న కంపెనీ పేరును గ్రైండర్‌తో చెక్కేసి చదును చేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కారు టైరు పక్కభాగంలో ట్రెడ్ కింద ఉన్నట్టు ఉక్కు తీగల పట్టీలు ఉండవు, సాధారణంగా పాలిస్టర్ దారాల పొర, దాని మీద కొద్ది మందం రబ్బరు, అంతే. అక్కడ తెగితే పంక్చర్ వేసే వీలు కూడా లేదు, టైరు పారేయాల్సిందే. రాతలు లేని ఖాళీ జాగా ప్రతి టైరు మీదా కొంత ఉంటుంది, దాన్ని వెతుక్కోవడమే మర్యాద.

రుద్దిన పొడి తుడిచి, అసిటోన్‌లో తడిపిన తెల్ల గుడ్డతో ఒకే దిశలో తుడవండి. గుడ్డ మడత మార్చి మళ్లీ తుడవండి. గుడ్డకు నలుపు ఎన్నిసార్లు తుడిచినా వస్తూనే ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు, అది రబ్బరు నలుపు. మీరు చూడాల్సింది గోధుమ మరక, జిడ్డు. అవి పోయాయంటే చాలు. అసిటోన్ కెమికల్ షాపులో, పెయింట్ షాపులో అడిగితే ఇస్తారు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో చర్మం ఎండిపోకుండా నూనెలు కలుపుతుంటారు, అది మన పనికి ఎదురు. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, అదీ వద్దు. పెట్రోలు, కిరోసిన్ అసలే వద్దు, రబ్బరును ఉబ్బిస్తాయి, జిడ్డు మిగులుస్తాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఆరుబయట నీడలో పని చేయండి, దగ్గరలో పొయ్యి గాని సిగరెట్టు గాని ఉండకూడదు. అలాయ్ చక్రం రంగు మీద, ప్లాస్టిక్ వీల్ కప్పు మీద పడితే పాడవుతుంది, ముందే మాస్కింగ్ టేపు వేసుకోండి.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒక్కటే. తుడిచి ఆరాక ఆ చోట నాలుగు చుక్కల నీళ్లు వేయండి. చుక్కలు ముత్యాల్లా గుండ్రంగా నిలబడి దొర్లితే మైనమో సిలికానో ఇంకా ఉంది, మళ్లీ మొదటికి వెళ్లండి. నీరు పల్చగా పరుచుకుని రబ్బరును తడిపితే పని అయినట్టు. ఆరబెట్టి, ఆఖరుసారి అసిటోన్‌తో తుడిచి, ఆ తరువాత వేలు కూడా తగలనీయకండి. అదే రోజు అంటించేయాలి. ఇవాళ శుభ్రం చేసి వచ్చే ఆదివారం అంటిద్దామనుకుంటే ఈలోగా మైనం మళ్లీ పైకి వస్తుంది.

ఎక్కడ అంటించాలన్నది కొంచెం లెక్క. మీ టైరు వెడల్పు 185, అందులో 65 శాతం అంటే పక్కభాగం ఎత్తు సుమారు 120 మిల్లీమీటర్లు. రిమ్ము అంచు దగ్గర వంపు, పైన ట్రెడ్ వైపు తిరిగే భుజం పోగా మధ్యలో ఉన్న చదునే మనకు పనికొస్తుంది. అంగుళం ఎత్తు అక్షరం ఇందులో హాయిగా కూర్చుంటుంది, అంగుళంపావు దాటితే భుజం మీదికి ఎక్కి ముందుగా లేస్తుంది. 15 అంగుళాల రిమ్ముకు ఆ చదును మధ్యలో చుట్టుకొలత సుమారు 1570 మిల్లీమీటర్లు వస్తుంది. ఎనిమిది అక్షరాల మాట, అక్షరం పాతిక మిల్లీమీటర్లు, మధ్య జాగా పది అనుకుంటే 270 మిల్లీమీటర్లు, అంటే చక్రంలో ఆరో వంతు కంటే కొంచెం ఎక్కువ. మాటను రెండుసార్లు, ఎదురెదురుగా వేస్తే చూపుకూ బాగుంటుంది, బరువూ రెండు వైపులా సమానమవుతుంది. గాలి వాల్వును గుర్తుగా పెట్టుకుంటే నాలుగు చక్రాలకూ ఒకే చోట వస్తాయి.

గీత కోసం పాత శుభలేఖ అట్ట ఒకటి తీసుకుని చిన్న మెట్టు కత్తిరించండి. ఆ మెట్టు రిమ్ము అంచుకు ఆని ఉండేలా పట్టుకుని, అట్ట కొసన చాక్‌పీస్ ఆనించి చుట్టూ తిప్పితే సరైన వంపు గీత వచ్చేస్తుంది. మంచి సెట్లలో అక్షరాలు రిమ్ము సైజుకు తగ్గ వంపులోనే పారదర్శక ఫిల్ముకు అంటి వస్తాయి, అప్పుడీ తంటా తగ్గుతుంది. జిగురు వేయక ముందే మాస్కింగ్ టేపుతో అక్షరాలన్నీ పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి చూడండి. టైరు సైజు, తయారీ తేదీ, ఐఎస్‌ఐ ముద్ర, ఏ వైపు తిరగాలో చెప్పే బాణం గుర్తు ఉంటే అది, ఇవేవీ కప్పొద్దు. టైరు షాపువాడికి, రేపు బండి కొనేవాడికి అవి కనబడాలి.

ఫెవిక్విక్ సంగతి. అది సైనోఅక్రిలేట్ జిగురు, రబ్బరుకు గట్టిగానే పట్టుకుంటుంది. ఇబ్బందేమిటంటే ఆరాక గాజులా పెళుసు. టైరు వంగుతూ ఉంటే విరుగుతుంది. అదే జాతిలో రబ్బరు కలిపి వంగే గుణం తెచ్చిన జిగుర్లు ఉన్నాయి, అక్షరాల సెట్టుతో పాటు సాధారణంగా అదే ఇస్తారు. మీ పెట్టెలో ట్యూబు ఉంటే అదే వాడండి. పంక్చర్ సొల్యూషన్ వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. అది లోపల ప్యాచీకి పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ గాలి ఒత్తిడి ప్యాచీని ఎప్పుడూ అదిమి పెడుతుంది. బయట అంటించిన అక్షరాన్ని అదిమేది ఏదీ లేదు.

అంటించేటప్పుడు అక్షరం వెనక అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపలగా సన్నటి గీతలా జిగురు పోస్తూ వెళ్లి, మధ్యలో ఒక వంకర గీత వేయండి. ఎక్కువ పోస్తే పక్కలకు కారి నల్ల రబ్బరు మీద తెల్లటి మచ్చ నిలుస్తుంది, పైగా మందంగా ఉన్న జిగురు ఆరదు. గీత మీద పెట్టి, మధ్య నుంచి అంచులకు వేలితో నొక్కుతూ నిమిషం పాటు పట్టుకోండి. మూలలు మళ్లీ విడిగా నొక్కండి, ఊడటం ఎప్పుడూ మూల నుంచే మొదలవుతుంది. చేతికి నైట్రైల్ తొడుగు (పల్చటి కృత్రిమ రబ్బరు తొడుగు) వేసుకోండి. నూలు గుడ్డ, దూది, నూలు తొడుగు ఈ జిగురుకు తగిలితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది, ఇది చాలామందికి తెలియదు. కళ్లద్దాలు పెట్టుకుంటే ఇంకా మంచిది.

వేళ కూడా ముఖ్యమే. మన మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిచిన టైరు మీద చెయ్యి పెట్టలేం, జిగురు మీరు అక్షరం సర్దేలోపే గడ్డకడుతుంది. వాన రోజుల్లో గాలిలో తేమ వల్ల కూడా త్వరగా బిగుస్తుంది, చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వస్తుంది. నీడలో, పొడి గాలిలో, టైరు ముట్టుకుంటే చల్లగా ఉన్న పూట చేయండి. చలికాలంలో మంచు ఆరిపోయాక పొద్దున వేళ ఈ పనికి భలే కుదురుతుంది. అంటించాక ఒక పూర్తి రోజు బండి కదపొద్దు, నీళ్లు తగలనీయొద్దు.

హైవే భయం గురించి. గాలి సరిగ్గా ఉండి, అంచులన్నీ పట్టి ఉన్న అక్షరం వేగానికి ఊడదు. ఊడేది లేచిన మూల ఉన్నదే. అందుకని దూర ప్రయాణానికి ముందు ఒక్కో అక్షరం మూలను గోరుతో తడిమి చూడండి. లేచినట్టుంటే అసిటోన్ చుక్కతో తుడిచి, ఆరాక జిగురు చుక్క వేసి నొక్కండి. ఇది రెండు నిమిషాల పని. గాలి తగ్గితే పక్కభాగం ఎక్కువ వంగి, ఎక్కువ వేడెక్కుతుంది, అక్షరాలకూ టైరుకూ అదే పెద్ద శత్రువు. రెండు వారాలకోసారి గాలి చూపించుకోండి. స్టీరింగ్‌లో కొత్తగా వణుకు తెలిస్తే బ్యాలెన్సింగ్ చేయించండి, కొన్ని గ్రాముల తేడానే అయినా ముందు చక్రాల్లో తెలుస్తుంది. ఎడమ చక్రాల అక్షరాలు ముందుగా పాడవుతాయి, మనం బండి ఆపేది ఎడమ పక్క ఫుట్‌పాత్ రాయికి ఆనించే కదా. అక్కడ రెండంగుళాలు ఎడం ఉంచండి.

సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు టైరు పాలిష్ వద్దని ముందే గట్టిగా చెప్పాలి, అడగకపోయినా కొట్టేస్తారు. ప్రెషర్ పంపు ధారను అక్షరం అంచుకు దగ్గరగా పెట్టనీయొద్దు. తెలుపు మాసితే సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. దసరాకు బండి పూజ చేసినప్పుడు టైరుకు పసుపు, కుంకుమ పెడతాం. తెల్ల రబ్బరు మీద పసుపు మరక పోవడం చాలా కష్టం, అక్షరాలు లేని చోట పెట్టండి, లేదా ట్రెడ్ మీద పెట్టండి.

పిల్లల పేర్లు తెలుగులో వేయించుకుంటామని ఈమధ్య అడుగుతున్నారు, నాకది ఎంతో ఇష్టమైన పని. మన అక్షరాల గుండ్రని అంచులు పదునైన మూలల కంటే బాగా పట్టుకుంటాయి. చిక్కు వత్తుల దగ్గర వస్తుంది. వత్తు, తలకట్టు, దీర్ఘం విడి ముక్కలుగా కత్తిరిస్తే ఆ చిన్న ముక్కలే ముందు రాలుతాయి, పేరు మరోలా చదవాల్సి వస్తుంది. అక్షరమంతా ఒకే ముక్కగా, అన్నీ కలిసేలా, సన్నటి తోకలు లేకుండా లావుగా గీయించి కత్తిరించమనండి. దేవుడి పేర్లు మాత్రం నేను చక్రానికి అంటించను. బురదలో తిరిగే చోట ఆ పేరు ఉండటం నాకు మనసొప్పదు, వెనక అద్దం మీద వేసి ఇస్తాను.

ఇంత శ్రమ వద్దు, ఉన్న కంపెనీ పేరే తెల్లగా కనిపిస్తే చాలనుకుంటే ఆయిల్ పెయింట్ మార్కర్ తీసుకుని ఉబ్బెత్తు అక్షరాలు నింపుకోండి. శుభ్రం చేయడం మటుకు ఇదే పద్ధతి. రంగు కొన్నాళ్లకు బీటలిస్తుంది, మళ్లీ దిద్దుకోవాలి.

తీసేయాలనిపించినప్పుడు హెయిర్ డ్రైయర్‌తో వెచ్చబెట్టి, మూల ఎత్తి, గట్టి నైలాన్ దారాన్ని అక్షరం కింద నుంచి రంపంలా లాగుతూ రండి. బ్లేడు పెట్టొద్దు. మిగిలిన జిగురును అసిటోన్ గుడ్డతో నానబెట్టి, ప్లాస్టిక్ ముక్కతో గీకి, సబ్బుతో కడిగేయండి. ఆ చోట కొన్నాళ్లు మసకగా కనిపిస్తుంది, టైరు నడిచేకొద్దీ మైనం పైకొచ్చి మిగతా రబ్బరులో కలిసిపోతుంది.